కిటికీ పక్కన నిలబెట్టండి

(చీరలకు, దుస్తులకు మోడళ్ల ఫొటోలు తీయడం నేర్చుకోవాలనుకునేవారి కోసం నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక నవంబరు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. బాబూ, తలుపు పక్కన ఉన్న స్విచ్చులన్నీ ఆపేయండి. ట్యూబులైట్లతో పాటు ఆ మూలనున్న పసుపు బల్బు కూడా. ఫ్యాను ఉండనివ్వండి.

ఇప్పుడు మీ పక్కన కూర్చున్నవారి ముఖం చూడండి. సిగ్గుపడవద్దు, ఫొటోలు తీయాలనుకునేవాళ్లు ముఖంలోకి చూడటం అలవాటు చేసుకోవాలి. కిటికీ వైపున్న చెంప వెలుగుతోంది. అవతలి చెంప మెల్లగా నీడలోకి జారుతోంది. ముక్కుకు ఒక రూపం వచ్చింది, గడ్డం కింద గీత తెలుస్తోంది. ఒక్క నిమిషం కిందట ఇదే ముఖం మీద నాలుగు ట్యూబులైట్ల వెలుగు పడుతున్నప్పుడు ఇవేవీ లేవు. నడినెత్తి మీది నుంచి పడే వెలుగు కనుక కనుబొమల కింద గుంటలు మాత్రం కనిపించాయి.

నేను చెప్పడానికి వచ్చింది ఇదే. ఇంటి లోపల మనిషిని ఫొటో తీయాలంటే కొత్త లైట్లు కొనే ముందు ఉన్నవి ఆపండి. ఒక్క వెలుగును ఉంచుకోండి. అది ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుసుకోండి. మా నాన్నగారు కావలిలో చిన్న స్టూడియో నడిపేవారు. నేను కెమెరా పట్టుకున్న ప్రతిసారీ "వెలుగు ఎటు నుంచి వస్తోందో చెప్పు, తర్వాత తీద్దువుగాని" అనేవారు. చెప్పలేకపోతే కెమెరా తిరిగి తీసేసుకునేవారు. నలభై ఏళ్లు దాటిన తర్వాత కూడా నేను గదిలోకి అడుగుపెడితే ముందు చూసేది కిటికీనే.

మీలో చాలామంది దగ్గర పాత డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు ఉన్నాయి. కొందరి దగ్గర ఫోను మాత్రమే ఉంది. చాలు. దానికి తోడు మూడు వస్తువులు తెచ్చుకోండి: స్టేషనరీ దుకాణంలో దొరికే పెద్ద థర్మకోల్ షీటు, అంచు లేని తెల్లటి పంచె, ఒక నల్లటి దుప్పటి. వీటితో ఏం చేయాలో చెబుతాను.

ముందు కిటికీ సంగతి. వెలుగు మెత్తగా ఉండటానికీ కరకుగా ఉండటానికీ కారణం దాని బలం కాదు, దాని వైశాల్యం. మనిషికి ఆ వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదిగా కనబడుతోందన్నదే లెక్క. సూర్యుడు ఎంత పెద్దవాడైనా, అంత దూరం నుంచి మనకు ఆకాశంలో చిన్న బిళ్లే. అందుకే ఎండలో నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. మబ్బు పట్టిందా, ఆకాశమంతా ఒకే పెద్ద దీపమవుతుంది, నీడల అంచులు కరిగిపోతాయి. కిటికీ కూడా అంతే. మోడల్‌ను కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో నిలబెడితే ఆ కిటికీ ఆమెకు పెద్ద దీపం. గది అవతలి గోడ దగ్గర నిలబెడితే అదే కిటికీ చిన్న దీపమై, నీడలు గట్టిపడతాయి.

దూరంతో మరొకటి కూడా మారుతుంది. చిన్న దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కిటికీ వెడల్పైనది కనుక సరిగ్గా ఆ లెక్కన తగ్గదుగాని, పోకడ అదే. అందుకని మోడల్ కిటికీకి దగ్గరగా ఉన్నప్పుడు ముఖం బాగా వెలిగి, లోపలి గోడ దానంతటదే చీకటవుతుంది. గోడ మీద పగుళ్లు, క్యాలెండరు, కరెంటు బోర్డు అన్నీ ఆ చీకట్లో కలిసిపోతాయి. వేరే తెర కొనే పని తప్పుతుంది. గోడ కూడా కనిపించాలనుకుంటే మోడల్‌ను కిటికీకి దూరంగా జరిపితే సరి. ఈ ఒక్క సంగతిని ఇంట్లో ఒక ఆదివారం అక్కనో చెల్లెలినో నిలబెట్టి, అడుగు అడుగు జరుపుతూ తీసి చూడండి. నేను ఎంత చెప్పినా ఆ పది ఫొటోలు నేర్పినంత నేర్పలేను.

ఏ కిటికీ మంచిది? చాలా పుస్తకాల్లో ఉత్తరపు కిటికీ అని ఉంటుంది. ఐరోపా చిత్రకారులు ఉత్తరపు వెలుగునే కోరుకునేవారు. వాళ్ల దేశాల్లో సూర్యుడు మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు కనుక ఉత్తరపు కిటికీలోకి నేరుగా ఎండ రావడం అరుదు. మనం ఉన్నది సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోంచి ఏటవాలుగా ఎండ లోపలికి వస్తుంది. పుస్తకంలో చదివి జూన్‌లో ఉత్తరపు గదిని సిద్ధం చేసుకున్నవారికి నెల్లూరులో ఇబ్బంది తప్పదు. ఈ నవంబరులో అయితే ఉత్తరపు కిటికీ రోజంతా మెత్తగానే ఉంటుంది. తూర్పు కిటికీ మధ్యాహ్నం తర్వాత బాగుంటుంది, పడమటి కిటికీ ఉదయం బాగుంటుంది. ఇప్పుడు మీ మీద పడుతున్నది తూర్పు వెలుగే.

ఇంకొక అదృష్టం కూడా ఉంది. మన జిల్లాకు వాన ఎక్కువగా వచ్చేది ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ముసురు పట్టిందని అందరూ విసుక్కునే రోజుల్లో నేను దుకాణాలకు ఫోను చేసి చీరలు పంపమంటాను. ముసురు రోజున కిటికీలోంచి వచ్చే వెలుగంత మంచిది డబ్బు పెట్టినా దొరకదు. కెమెరాలో ఐఎస్ఓను, అంటే తక్కువ వెలుగును కూడా పట్టుకునే అమరికను, 800కో 1600కో పెంచవలసి వస్తుంది. పెంచండి, భయపడకండి. కాస్త రేణువులు కనిపించిన ఫొటో పనికొస్తుంది, చెయ్యి కదిలి చెదిరిన ఫొటో పనికిరాదు. మనిషిని తీసేటప్పుడు షట్టర్, అంటే వెలుగు కోసం కెమెరా తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 125వ వంతు కంటే నెమ్మదిగా లేకుండా చూసుకోండి.

ఎండ నేరుగా పడుతుంటే పంచెను కిటికీకి అడ్డంగా కట్టండి. అప్పుడు సూర్యుడికి బదులు ఆ బట్టంతా దీపమవుతుంది. పంచె తెల్లగా ఉండాలి సుమా. పసుపెక్కిన పాత బట్ట కడితే ముఖం కూడా పసుపెక్కుతుంది. థర్మకోల్ షీటును కిటికీకి ఎదురువైపు, నీడ చెంప పక్కన నిలబెట్టి ఒక ఇటుకను ఆనించండి. దగ్గరకు జరిపితే నీడ పలచబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. నీడను పూర్తిగా చంపేయకండి. కొంత నీడ ఉంటేనే ముఖం గుండ్రంగా కనిపిస్తుంది. ఇక నల్ల దుప్పటి. మన ఇళ్ల గదులు చిన్నవి, గోడలు లేత రంగువి, వెలుగు అన్ని గోడలకూ తగిలి తిరిగి వస్తుంది. నీడ అసలే నిలవని అలాంటి గదిలో థర్మకోల్ ఉన్న చోట నల్ల దుప్పటి వేలాడదీయండి. చెంప కింద ఎముక గీత ఎలా వస్తుందో చూడండి.

గోడలకు లేత ఆకుపచ్చో గులాబీ రంగో వేసిన ఇళ్లలో మరీ జాగ్రత్తగా ఉండాలి. గోడకు తగిలిన వెలుగు ఆ రంగును మోసుకొచ్చి చెంప మీద పూస్తుంది. తెల్ల దుప్పటి ఒకటి ఆ గోడకు కప్పండి.

రంగు మాట వచ్చింది కనుక నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక చీరల దుకాణానికి ముప్పై చీరల ఫొటోలు తీశాను. కిటికీ వెలుగు బాగానే ఉంది, అయినా సరిపోదేమోనన్న బెంగతో గదిలో పసుపు బల్బులు కూడా వేశాను. చిలకపచ్చ చీర ఒకవైపు చిలకపచ్చగా, ఇంకోవైపు ఎండుటాకు రంగులో వచ్చింది. కంప్యూటర్‌లో దిద్దడానికి రెండు రాత్రులు కూర్చున్నాను. ఒక వైపు సరిచేస్తే రెండో వైపు చెడింది. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు: పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్, పసుపు బల్బు 2700 నుంచి 3000. ఈ రెండూ ఒకే చీర మీద పడితే ఏ ఒక్క సవరింపూ రెండింటికీ సరిపోదు. ఆ ఫొటోలు చూసి చీరలు తెప్పించుకున్నవారు కొందరు, ఇది మేము చూసిన రంగు కాదని వెనక్కి పంపారు. నష్టపోయింది దుకాణం, తప్పు చేసింది నేను. ఆ చీరలన్నీ డబ్బు తీసుకోకుండా మళ్లీ తీసిచ్చాను. అప్పటి నుంచి ముందు స్విచ్చు బోర్డు దగ్గరికి వెళతాను.

వెలుగు రంగును కెమెరా తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌ను చీరల విషయంలో నమ్మకండి. ఎర్రచీర ఫ్రేము నిండా ఉంటే గదిలో వెలుగే ఎర్రగా ఉందేమో అనుకుని కెమెరా ఎరుపును తగ్గించేస్తుంది. తర్వాత నీలం చీర వస్తే నీలాన్ని తగ్గిస్తుంది. ఒకే కిటికీ దగ్గర తీసిన పది చీరల్లో మోడల్ ముఖం పది రంగుల్లో వస్తుంది. ఫొటో దుకాణంలో బూడిదరంగు కార్డు దొరుకుతుంది, దాన్ని మోడల్ ముఖం దగ్గర పట్టించి, దాని మీద వైట్ బ్యాలెన్స్ కుదిర్చి, వెలుగు మారేదాకా అలాగే ఉంచండి. జిరాక్సు కాగితం వాడవచ్చా అని అడుగుతారు. తెల్లగా మెరవడానికి ఆ కాగితాల్లో కలిపే రసాయనాలు నీలి ఛాయ తెస్తాయి. అత్యవసరమైతే వాడండి, అలవాటు చేసుకోకండి.

ఇక వెలుగు కొలత. కెమెరాలోని మీటరు చూసిన ప్రతిదాన్నీ మధ్యస్థపు బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. తెల్లటి వెంకటగిరి నూలు చీరను దాని ఇష్టానికి వదిలేస్తే ఉతకని చీరలా వస్తుంది. అక్కడ కెమెరాలోని ఎక్స్‌పోజర్ సవరింపును ప్లస్ 1 దాకా పెంచండి. నల్లచీరకు మైనస్ వైపు తగ్గించండి. ఫోనులో అయితే ముఖం మీద వేలితో నొక్కి పట్టుకుంటే వెలుగు, ఫోకస్ బిగుసుకుంటాయి. తర్వాత వేలిని పైకీ కిందికీ జరిపి సరిచేసుకోవచ్చు.

వెంకటగిరి పేరు ఎత్తాను కదా. మన దుకాణాల అరల్లో వెంకటగిరి, చీరాల చీరలూ, మన పాటూరు చీరలూ పక్కపక్కనే ఉంటాయి. వీటిని తీసేటప్పుడు వెలుగు ఎటు నుంచి పడాలన్నది నేతను బట్టి ఉంటుంది. మగ్గం మీదే బొమ్మలు నేసే జాందానీ పనిలోని బుటా చూపించాలంటే పక్క నుంచి, దాదాపు బట్టను ఒరుసుకుంటూ వెలుగు పడాలి, అప్పుడే పోగు పోగుకూ చిన్న నీడ పడి బుటా పైకి తేలుతుంది. ఎదురు నుంచి ఫ్లాష్ కొడితే అంత నేతా అచ్చువేసిన బొమ్మలా చదునైపోతుంది. నూలు సన్నదనం చూపించాలంటే మోడల్‌ను కిటికీ ముందు నిలబెట్టి, కొంగును చేతి మీద పరిచి, వెలుగు బట్టలోంచి మన వైపు వచ్చేలా చేయండి. ఆ పలచని బట్టలో ఆమె వేళ్లు కనిపిస్తాయి. ఏ వర్ణనా అక్కరలేదు. జరీ అద్దంలాంటిది, వెలుగు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో తిరిగి కొడుతుంది. జరీ అంచు తెల్లగా పేలిపోతుంటే మోడల్‌ను ఒక్క పిసరు తిప్పండి, బంగారు రంగు తిరిగి వస్తుంది. అందుకే చీరలకు రింగ్ లైటు వాడవద్దని నేను గట్టిగా చెబుతాను. అది ఎదురుగా ఉండి నేతను చెరిపేస్తుంది, కళ్లలో తెల్ల గాజులాంటి వలయం పెడుతుంది. నేతగాడు రోజుల తరబడి కూర్చుని నేసినది ఫొటోలో కనిపించకపోతే ఇక మనం తీసినదేమిటి?

లెన్సు గురించి. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు కొనమని అందరూ చెబుతారు, మంచి సలహానే. కానీ మీ గది పొడవు కొలిచి చూసుకోండి. మన మామూలు డీఎస్ఎల్ఆర్ మీద ఆ లెన్సుతో మనిషిని తల నుంచి పాదం దాకా తీయాలంటే ఇద్దరి మధ్య పన్నెండు, పదమూడు అడుగులు కావాలి. వెనక గోడకు మరో మూడడుగులు. పది పన్నెండు అడుగుల గదిలో అది కుదరదు. నడుము దాకా తీయడానికి ఆ లెన్సు ఉంచుకుని, నిలువెత్తు ఫొటోకు 18-55 లెన్సునే 35 దగ్గర పెట్టండి, తొమ్మిది అడుగుల్లో సరిపోతుంది. లేదంటే గుమ్మం బయట, వరండాలో నిలబడి లోపలికి తీయండి. నా ఫొటోల్లో సగం గుమ్మంలోంచి తీసినవే. 18 దగ్గర పెట్టి దగ్గరకు వెళ్లి మాత్రం తీయకండి. ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఫోనులోని ప్రధాన కెమెరా కూడా అలాంటి వెడల్పు లెన్సే, అందుకని రెండడుగులు వెనక్కి వెళ్లి 2 ఎక్స్ జూమ్ వాడండి. వెనకభాగాన్ని మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ చీర అంచునూ జుట్టు కొసలనూ తినేస్తుంది, దుస్తుల ఫొటోలకు దాన్ని పక్కన పెట్టండి.

నిలువెత్తు ఫొటోకు కెమెరాను నడుము ఎత్తుకు దించండి. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్లు పొట్టిగా వస్తాయి, కుచ్చిళ్లు కుంచించుకుపోతాయి. అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 4 నుంచి 5.6 మధ్య ఉంటే ముఖం, కొంగు రెండూ స్పష్టంగా ఉంటాయి. ముఖానికి దగ్గరగా వెళ్లి 1.8 దగ్గర తీస్తే ఒక కన్ను స్పష్టంగా వచ్చి, రెండో కన్ను, బుటాలు మసకబారతాయి. ఫోకస్ ఎప్పుడూ కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మీ ముందు నిలబడేది మనిషి. మన ఊళ్లలో మొదటి మోడల్ ఎవరు? పిన్ని కూతురు, పక్కింటి వదిన, కాలేజీ స్నేహితురాలు. ఆమెకు ఇది కొత్త, మీకూ కొత్తే. బట్టలు మార్చుకోవడానికి లోపల గడియ ఉన్న గది చూపించండి. ఆమె తరఫు మనిషి ఒకరు తోడు ఉండాలి, రావద్దని ఎప్పుడూ చెప్పకండి. ఫొటోలు ఎక్కడ వాడతారో ముందే చెప్పి కాగితం మీద రాసుకోండి. చీర సర్దవలసి వస్తే "ఆ పైట కొంచెం పైకి అనమ్మా" అని నోటితో చెప్పండి, చెయ్యి వేయకండి. తప్పనిసరి అయితే అడిగి, తోడు వచ్చిన ఆవిడను సర్దమనండి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. భయపడుతున్న మనిషి భుజాలు పైకి లేచే ఉంటాయి, ఏ వెలుగూ ఆ భుజాలను దించలేదు.

"నవ్వమ్మా" అంటే ఎవరికీ నవ్వు రాదు. పని ఇవ్వండి. గాజులు సర్దుకోమనండి, మల్లెపూలు జడలో తురుముకోమనండి, కొంగు చివర చూసుకోమనండి. బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడమంటే నడుము దగ్గర చీర అందంగా ఒంగుతుంది. కిటికీ వైపు కాస్త ముఖం తిప్పమనండి. అవతలి చెంప మీద, కంటి కింద చిన్న త్రికోణపు వెలుగు కనిపించేదాకా తిప్పండి. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలిచే వెలుగు అదే. పదిహేను నిమిషాలకు ఒకసారి ఆపి, మంచినీళ్లు ఇచ్చి, తీసినవి చూపించండి. కొంగు ఎగురుతుందని ఫ్యాను ఆపుతాం కదా, మే నెలలో నెల్లూరులో ఫ్యాను లేని గది ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆ అమ్మాయి రంగును తెల్లబరచకండి. దుకాణంవాళ్లు అడిగినా వద్దని చెప్పండి. ముఖం తెల్లబడాలని వెలుగు పెంచితే చీర రంగు పాలిపోతుంది, ఆ చీరే వెనక్కి వస్తుంది. చామనఛాయ ముఖానికి పక్క నుంచి పెద్ద కిటికీ వెలుగు పడితే చెంప మీద, ముక్కు అంచున వచ్చే ఆ తళుకు నాకు ఎంతో ఇష్టం. దాన్ని తుడిచేసే హక్కు మనకు లేదు.

(రాత్రి పూట తీయాలంటే ఎలా అని ఒకరు అడిగారు.)

అప్పుడు కిటికీని మనమే తయారుచేసుకోవాలి. కెమెరా మీద పెట్టుకునే ఫ్లాష్ ఒకటి ఉంటే దాని తలను పక్కనున్న తెల్ల గోడ వైపు తిప్పి కొట్టండి. ఆ గోడే కిటికీ అవుతుంది. రంగు గోడైతే తెల్ల దుప్పటి కట్టండి. షట్టర్‌ను సెకనులో 200వ వంతు కంటే వేగంగా పెట్టకండి, అంతకు మించితే చాలా కెమెరాల్లో ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. ఫ్లాష్ లేక ఇంటి లైట్లతోనే తీయవలసి వస్తే అన్నీ ఒకే రంగువి వేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక చాలా లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి, కంటికి తెలియదు, కెమెరాకు చారలుగా తెలుస్తుంది. షట్టర్‌ను 100వ వంతు దగ్గర ఉంచితే ఆ చారలు రావు. మనిషికి 125కు తగ్గవద్దన్నాను కదా, ఇక్కడ మాత్రం 100కు దించి, మోడల్‌ను కదలకుండా నిలబడమనండి.

(వెనక వరుసలోని ఒక అమ్మాయి, మా అమ్మ నేసిన చీరలు తీయాలి, కట్టుకుని నిలబడటానికి ఎవరూ లేరు, ఏం చేయాలని అడిగింది.)

అమ్మ వచ్చారా ఇవాళ? మీ పక్కన ఉన్నది ఆవిడేనా? నమస్కారం అమ్మా. మీరు కట్టుకున్నది మీరు నేసినదేనా? అయితే ఇంక వెతకడం దేనికి? ఒక్కసారి ఇలా రండి, ఈ కిటికీ పక్కకు. మీకు ఇష్టమైతేనే. నువ్వు కెమెరా తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్లమ్మా. బాబూ, ఆ థర్మకోల్ ఇటు పట్టుకోండి, ఇంకా కొంచెం దగ్గరికి. నాలుగైంది, ఇంకో గంట వెలుగుంటుంది. ఇప్పుడు చెప్పు, వెలుగు ఎటు నుంచి వస్తోంది?